పెద్దాయన బాణం

ఆదివారం సాయంత్రం, ల్యాబుకి సెలవు. బయట వాన. డాక్టరమ్మ ఒక్కతే మైక్రోస్కోపు ముందు కూర్చుంది. వరండా బల్ల మీద ఆవిడ అక్క, అక్క ఒళ్ళో జ్వరంతో చిట్టి. పాపకి మెడ కింద బిళ్ళలు కట్టాయి, రక్తంలో తెల్లకణాలు విపరీతంగా పెరిగాయి. లుకేమియా, అంటే రక్త కాన్సర్, కావచ్చని పొద్దున ఎవరో అన్నారట. అప్పట్నుంచీ అక్క పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.

తాడో పామో తేల్చడమే డాక్టరమ్మ పని. ఒక్కోసారి వైరస్ జ్వరానికి కూడా కణాలు ఉబ్బిపోయి, అచ్చం కాన్సర్ కణాల్లా వేషం కడతాయి. తలపండినవాళ్ళే బోల్తా పడ్డారు. అందుకే ఆవిడ ఎప్పటిలా తన వేలు కూడా పొడుచుకుని, ఆ రక్తం ఇంకో గాజుపలక మీద రాసి, రెంటికీ ఒకే రంగు వేసింది. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తం మామూలుగా కనిపిస్తేనే ఆ రంగుని నమ్మొచ్చు.

ఆ మైక్రోస్కోపులో ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని చూడొచ్చు. అవతలి కుర్చీ పెద్దాయనది, ఆవిడకి పని నేర్పిన గురువుది. నోరు విప్పే మనిషి కాదు. లోపల కనిపించే చిన్న బాణాన్ని మర తిప్పి చెడ్డ కణం మీద నిలబెట్టేవాడు. ఏమీ లేకపోతే బాణాన్ని అంచుకి నెట్టేసి, కుర్చీ కిర్రుమనిపిస్తూ లేచిపోయేవాడు. పోయిన వేసవిలో ఆయన కాలం చేశాడు. తర్వాత ఆ మర జోలికి ఎవరూ పోలేదు.

డాక్టరమ్మ ముందు చిట్టి రక్తం రాసిన పలక పెట్టి చూసింది. కణాలు పెద్దవే... కానీ ఒకదానిలా ఒకటి లేదు. అంచులు పక్క కణాల చుట్టూ ఒదిగి ఉన్నాయి. జ్వరం కణాలే అనిపించింది. అనిపిస్తే చాలదు కదా, బయట కన్నతల్లి కూర్చుని ఉంది.

అప్పుడు లవంగం వాసన వేసింది. పెద్దాయన బుగ్గన ఎప్పుడూ లవంగం ఉండేది.

బాణం కదిలింది.

డాక్టరమ్మ చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి. తలెత్తే ధైర్యం లేక అలాగే చూస్తూ ఉండిపోయింది. బాణం ఒక కణం దగ్గర ఆగింది... కదిలింది... ఇంకోదాని దగ్గర ఆగింది. చివరికి మెల్లగా అంచుకి తప్పుకుంది.

అంత భయంలోనూ ఆవిడకి ఏడుపొచ్చింది. "కాన్సర్ కాదక్కా," అంది వరండాలోకి వినబడేలా. "జ్వరమే."

కుర్చీ కిర్రుమనలేదు.

తన రక్తం పలక కూడా ఒకసారి చూసేసి పారిపోదామనుకుంది. తీసి పెట్టింది. రంగు చక్కగా కుదిరింది.

బాణం అంచు నుంచి వెనక్కి వచ్చింది... మధ్యకి... ఒక కణం మీద ఆగింది. ఆవిడ పలక జరిపింది. బాణం వెంటే వచ్చింది. మళ్ళీ ఆగింది. ఈసారి అంచుకి తప్పుకోలేదు.

కళ్ళు తుడుచుకుంటూ అక్క గుమ్మం దాకా వచ్చి, అక్కడే నిలబడిపోయింది.

"ఎదురుగా ఉన్నాయన ఎవరే?" అంది గుసగుసగా. "నిన్ను చూసి ఎందుకలా ఏడుస్తున్నాడు?"