పూసలు తీసిన తరగతి

ఆమదాలవలస స్టేషన్‌లో ప్రద్యుమ్న టీ తాగుతుంటే పక్కన ముగ్గురు క్రికెట్ గురించి వాదించుకుంటున్నారు. ఒకరు కొరియా నుంచి వచ్చిన ఇంజనీరు, ఒకరు బెంగాలీ, మూడోవాడు టీ కొట్టతనే. ఎవరి భాషలో వాళ్లు మాట్లాడుతున్నా, ముగ్గురి మాటలూ ప్రద్యుమ్నకు తెలుగులోనే, వాళ్ల వాళ్ల గొంతులతోనే వినిపిస్తున్నాయి. అది ఎవరికీ వింతగా తోచని కాలం. చెవి వెనక బియ్యపు గింజంత అర్థపూస అతికించుకుంటే చాలు, విన్న మాటా చూసిన అక్షరమూ సొంత భాషలో అందేవి. బడుల్లో పరాయి భాషలు నేర్పడం మానేసి ముప్పై ఏళ్లు దాటింది.

ఆ ముప్పై ఏళ్ల సంగతే ప్రద్యుమ్నను ఇక్కడికి రప్పించింది. అతను విశాఖలోని త్రిశరణ నిధిలో పరిశీలకుడు. బౌద్ధ అధ్యయనాలకు కొత్తగా ఆచార్య పదవి పెట్టే విశ్వవిద్యాలయాలకు ఆ నిధి ఐదేళ్ల జీతం ఇస్తుంది. ఆ తర్వాత పదవిని శాశ్వతంగా నిలుపుకోవలసింది విశ్వవిద్యాలయమే. మూడో ఏట ఒక పరిశీలన ఉంటుంది. అందులో 'అవసరం లేదు' అని తేలితే సహాయం అక్కడితో ఆగిపోతుంది, పదవి కూడా రద్దవుతుంది.

శాలిహుండం విశ్వవిద్యాలయంలో ఆ పదవిలో ఉన్నది పూడి అన్విత. ముప్పై నాలుగేళ్ల మనిషి. నేర్పేది పాళీ, పాత బౌద్ధ గ్రంథాల భాష. అర్థపూస పెట్టుకుంటే ఎవరైనా చదవగలిగే భాషను నేర్పడానికి మనిషెందుకు? ఈ ప్రశ్నకు ప్రద్యుమ్న రైల్లోనే 'అవసరం లేదు' అని జవాబు రాసుకున్నాడు. సంతకం ఒక్కటే మిగిలింది.

తరగతి గది గుమ్మం దగ్గర అన్విత అతనికి ఎదురొచ్చి నమస్కరించింది. ఆమె చేతిలో స్టీలు పళ్లెం ఉంది, అందులో పదకొండు పూసలు.

"మీది కూడా ఇందులో పెట్టాలండి. ఇక్కడ అందరికీ అదే పద్ధతి."

"పాఠం నాకు అర్థం కావద్దా?"

"మేం మాట్లాడుకునేది తెలుగే సార్. పాళీ మాత్రం ఎవరికీ వెంటనే అర్థం కాదు. అందుకే నేర్చుకుంటున్నాం."

అతను పూస తీసి పళ్లెంలో పెట్టాడు. కిటికీ అవతల, స్తూపాల గుట్ట కింద, పనివాళ్లు ఇటుకలు దించుకుంటూ మాట్లాడుకుంటున్నారు. లోపలికి వస్తున్నప్పుడు వాళ్ల మాటలు అతనికి తెలుగులోనే వినిపించాయి. ఇప్పుడు ఒక్క ముక్కా తెలియడం లేదు. అది ఏ భాషో కూడా పోల్చుకోలేకపోయాడు. నడుస్తూ నడుస్తూ మెట్టు అందనట్టుగా అనిపించింది.

అన్విత బోర్డు మీద ఒక్క పాళీ మాట రాసింది: ముదిత.

"పూసనడిగితే 'సంతోషం' అని ఊరుకుంటుంది. ఇది అంతేనా?"

వెనక బెంచీలో నలభై ఏళ్లు దాటిన స్త్రీ తల అడ్డంగా ఊపింది. పేరు నూకరత్నం. జిల్లా ఆసుపత్రి పిల్లల వార్డులో నర్సు. డ్యూటీ లేని రోజుల్లో తరగతికి వస్తుంది.

"అంతే అయితే ఇన్ని సూత్రాల్లో దీన్ని ఇంత జాగ్రత్తగా విడదీసి ఎందుకు చెప్తారమ్మా? ఎదుటోళ్ల బాగు చూసి కలిగేదని మొన్న చెప్పారు కదా. నాకది ఒకసారి తెలిసింది."

"చెప్పండి."

"మా చిన్నది నా వార్డులోనే పడుంది, గుండె జబ్బుతో. పక్క మంచం పిల్లకి ముందు నయమైపోయింది. ఇంటికెళ్లే రోజు ఆ తల్లి నా మొహం చూడలేక తల దించుకుని మూట కట్టుకుంటోంది. నేనే వెళ్లి ఆ పిల్లకి జడేశాను. వేస్తుంటే లోపల ఏదో నిండింది. ఏడుపంటే ఏడుపు కాదు, సంతోషమంటే నా బిడ్డ ఇంకా మంచం మీదే ఉంది కదా. దానికో పేరుందని ఇక్కడికొచ్చేదాకా నాకు తెలీదు." ఒక్క క్షణం ఆగి నవ్వింది. "మాది కూడా ఇరవై రోజులకి ఇంటికొచ్చేసింది లెండి."

ఒక్కొక్కరూ దానికి తెలుగు మాట వెతికారు. ఒకరు 'మెచ్చుకోలు' అన్నారు. ఇంకొకరు 'మనసు నిండటం' అన్నారు. దేనికీ అందరూ ఒప్పుకోలేదు. అసూయకు మాట ఉంది, దాని ఎదురుకు ఎందుకు లేదని ఒకమ్మాయి నిజంగానే కోపగించుకుంది.

నూకరత్నం ప్రద్యుమ్న వైపు తిరిగింది. "మీరేమంటారు సార్? మీకెప్పుడైనా తెలిసిందా?"

పరిశీలకుడు జవాబు చెప్పాలన్న నియమం లేదు. అయినా అతను చెప్పాడు.

"నాకు కాదు, మా ఆవిడకి తెలిసిందేమో. ఆమె బర్మా మనిషి. మాకు పిల్లల్లేరు. నిరుడు వాళ్ల చెల్లెలికి కూతురు పుట్టిన కబురొచ్చింది. ఆమె కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ చాలాసేపు ఏదో చెప్పింది. పూస నాకు 'సంతోషంగా ఉంది' అని వినిపించింది. 'మంచిది' అని నా పనిలోకి నేను వెళ్లిపోయాను." అతను బోర్డు మీది మాట వైపు చూశాడు. "ఆమె అన్న మాట ఏమిటో నాకు తెలీదు."

అన్విత మెల్లగా అంది. "బర్మీయులు ఈ మాటను పాళీ నుంచే తీసుకున్నారండి. పలకడం కాస్త వేరు, అంతే. ఆవిడ ఇదే అని ఉండొచ్చు."

తరగతి అయ్యాక ఆమె అతనికి పూస తిరిగిచ్చింది. "ఏం రాస్తారని అడగకూడదు. కానీ నూకరత్నం లాంటివాళ్లు డిగ్రీ కోసం రారు, కాబట్టి మీ పత్రంలోని విద్యార్థుల లెక్కలో కనిపించరు. ఆ ఒక్కటీ చూడండి."

"చూశానమ్మా," అన్నాడు.

రాసిపెట్టుకున్న జవాబును తిరుగు రైల్లో చెరిపేశాడు. 'అర్థం అందడానికి మనిషి అక్కర్లేదు. దాన్ని కలిసి వెతుక్కోవడానికి కావాలి' అని రాసి, సంతకం చేసి పంపాడు. నిధి సంఘం రెండు సమావేశాల్లో వాదించుకుని చివరికి ఒప్పుకుంది. అన్విత పదవి నిలిచింది. మరుసటి ఏడు ఆ తరగతిలో చేరినవాళ్లలో సగం మంది భార్యాభర్తలు. ఇంట్లో ఒకరి భాష ఒకరు ఎన్నడూ వినని జంటలు, పూస తీసి వినడం నేర్చుకుందామని వచ్చినవాళ్లు. అర్థపూస చేసినవాళ్లు ఊహించని సంగతి అది.

తరగతి చూసిన ఆ సాయంత్రం ప్రద్యుమ్న ఇల్లు చేరేసరికి అతని భార్య థీరీ వరండాలో కూరగాయలు తరుగుతోంది. అతను ఎదురుగా కూర్చుని తన పూస తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. ఆమె కంగారుపడింది. ఏదో అడిగింది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమె అసలు మాటలు అతని చెవిన పడడం అదే మొదటిసారి. పైకి లేచి, కిందికి జారి, మధ్యలో చిన్నగా తెగే మాటలు. వాటిలో ఒక్కటీ అతనికి తెలియలేదు.

"ముదిత," అన్నాడు.

కత్తి ఆగింది. ఆమె అతని ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. తర్వాత తన పూస కూడా తీసేసి, ఆ మాటనే తన పద్ధతిలో పలికింది. అతను అనబోయి తడబడ్డాడు. ఆమె నవ్వింది. ఇన్నేళ్లుగా పూస తాకకుండా అతనికి అందింది ఆ నవ్వొక్కటే.

ఆమె ఇంకో వాక్యం చెప్పింది, నిదానంగా.

"మళ్ళీ," అన్నాడు అతను, వేలితో గాలిలో సున్నా చుడుతూ.

ఆమె మళ్ళీ చెప్పింది. మూడోసారికి అతను అడగకముందే, నోరు తిరగక తిరగక, ఆమే అంది: "మల్లీ?"

అది థీరీ నేర్చుకున్న మొదటి తెలుగు మాట.