శాంపిల్ సంసారం

"ఇందులో నీళ్లు రావడం లేదు," అంది కళ్లద్దాల షాపు అమ్మాయి, తళతళలాడే కొళాయిని రెండోసారి తిప్పుతూ.

"రావు మేడమ్. ఇది శాంపిల్ ఫ్లాట్," అన్నాడు సేల్స్ అబ్బాయి.

"అదృష్టవంతులు. మా ఇంట్లో కొళాయి తిప్పకుండానే వస్తున్నాయి. పైకప్పులోంచి."

అతను నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు.

వీధి మొత్తం పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడతామనీ, ఇల్లిచ్చిన ప్రతివాళ్లకీ ఒక ఫ్లాటు ఇస్తామనీ కంపెనీవాళ్లు చెప్పి రెండేళ్లు దాటింది. ఎదురు వరసలో రెండిళ్లు పడగొట్టి, రేకుల కంచె వేసి, లోపల ఈ శాంపిల్ ఫ్లాటు లేపారు. అంతలో మార్కెట్ పడిపోయింది. బ్యాంకులు చేతులు ముడుచుకున్నాయి, కొనేవాళ్లు మొహం చాటేశారు. చివరికి మిగిలింది ఈ ఫ్లాటూ, దాన్ని రోజూ తుడిపించి కాపలా కూర్చునే ఈ అబ్బాయీ.

వీధి కూడా ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఎలాగూ పడగొట్టేదేగా అని గోడలకి సున్నం వెయ్యడం మానేశారు. విరిగిన కిటికీలకి అట్టలు కట్టారు. ఒకరిద్దరు పిల్లల పెళ్లిళ్లు కూడా కొత్త ఫ్లాట్లోకి మారాకే అన్నారు. ఒకావిడైతే తన చిరిగిన కర్టెన్‌కి కూడా ఆ కారణమే చెప్పింది.

"సూటిగా అడుగుతున్నాను. మా ఇల్లు పడగొడతారా, పడగొట్టరా?"

"త్వరలో మొదలవుతుంది మేడమ్."

"త్వరలో అంటే?"

"అంటే... చాలా త్వరలో."

"చూడండి. నా దగ్గరున్న డబ్బుతో కప్పు బాగుచేయించుకోవచ్చు. లేదా మీరు పడగొట్టేటట్టయితే షాపుకి వేరేచోట అడ్వాన్స్ కట్టుకోవచ్చు. రెండింటికీ చాలదు. పోయినేడు పైనుంచి కారిన నీళ్లు గోడ వెంబడి కింద షాపులోకి దిగాయి. ఈసారి అద్దాలు సానబట్టే మెషీను తడిస్తే, మా నాన్న పెట్టిన షాపుకి నేను షట్టర్ దించుకోవడమే. వానలొచ్చేలోపు నాకు సంగతి తేలాలి."

"హెడ్డాఫీసు నుంచి ఇంకా ఏమీ రాలేదండీ," అన్నాడు అతను తివాచీ వైపు చూస్తూ.

ఆమె టేబుల్ మీది యాపిల్ తీసి వేలితో కొట్టి చూసింది. "మైనమా?"

"ప్లాస్టిక్."

"ఆ టీవీ?"

"అట్ట."

"మరి మీరు?"

"నేను కాంట్రాక్ట్ బేసిస్ మేడమ్."

ఆమె నవ్వు దాచుకోవడానికి గబగబా బయటికి వచ్చేసింది.

మర్నాడు అతనే షాపుకి వచ్చాడు, కళ్లద్దాల స్క్రూ వదులైందని. ఆమె బిగించి ఇచ్చింది. రెండ్రోజులకి మళ్లీ వదులైంది. ఆ తర్వాత మళ్లీ.

"అదంతట అది వదులైతే మర అరుగుతుంది," అంది ఆమె భూతద్దంలోంచి చూస్తూ. "ఇది అరగలేదు. తల మీద గీతలు పడ్డాయి. ఎవరో చాకుతో తిప్పుతున్నారు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఎవరై ఉంటారంటారు?"

"పనీపాటా లేనివాళ్లెవరో."

"మా ఆఫీసులో అలాంటివాణ్ణి నేనొక్కణ్ణే మేడమ్."

"అయితే దొంగ దొరికాడు. కూర్చోండి, టీ తాగి వెళ్దురుగాని."

అప్పట్నుంచి కళ్లద్దాలు గట్టిగానే ఉన్నాయి, టీ మాత్రం రోజూ తాగుతున్నాడు. ఆమె కూడా అడగవలసిన ప్రశ్న ఉందని మధ్యాహ్నం పూట శాంపిల్ ఫ్లాటుకి వెళ్లేది. జవాబు మారలేదు. అయినా వెళ్లడం మానలేదు.

ఆమె తల్లిది మాత్రం ఫ్లాటు పార్టీ. వాళ్ల ఇల్లు షాపు పైనే. మోకాళ్ల నొప్పులతో ఒక్కో మెట్టునీ తిట్టుకుంటూ ఎక్కే ఆవిడకి లిఫ్ట్ అన్న మాట వింటేనే సగం నొప్పి తగ్గేది.

ఒకరోజు అతను టీ ముట్టుకోకుండా నిలబడ్డాడు.

"ఒక సాయం కావాలి. ఈ ప్రాజెక్టులో డబ్బు పెట్టొచ్చో లేదో చూడ్డానికి శనివారం ఎవరో వస్తున్నారు. ఫ్లాటు బోసిగా ఉండకూడదట, కొనడానికొచ్చిన కుటుంబం ఒకటి కనబడాలట. మేనేజరే సేల్స్ మాట్లాడతాడు. నన్ను భర్తగా నిలబడమన్నాడు. భార్యని నన్నే చూసుకోమన్నాడు."

"చూసుకున్నారా?"

"చూశాను. ఆవిడింకా ఒప్పుకోలేదు."

"ఒప్పుకుంటుంది బాబూ!" మెట్ల మీంచి తల్లి గొంతు వినిపించింది. "అత్తగారిగా నేను వస్తాను. డబ్బు పెట్టేవాళ్లు కదా, వాళ్లు పెడితేనే మనకి లిఫ్టు."

"వస్తాను," అంది అమ్మాయి. "కానీ కొనేవాళ్లు ఏం అడుగుతారో అదే అడుగుతాను. మధ్యలో ఆపకూడదు."

"అడగండి. చెప్పేది మేనేజరేగా," అన్నాడు అతను తేలిగ్గా.

శనివారం ఇద్దరు వచ్చారు. ఒకాయన అన్నీ తట్టి చూస్తున్నాడు, ఒకావిడ ఏమీ మాట్లాడకుండా అందర్నీ చూస్తోంది. కన్నకూతురి మీద ఇన్నేళ్లూ చెలాయించే వీల్లేకపోయిన అత్తరికమంతా తల్లి ఆ పూట తీర్చుకుంది.

"అలా గుడ్లప్పగించి చూడకపోతే ఆ అల్మరా తెరిచి చూడకూడదుటే? మావాడు అమాయకుడమ్మా," అంది ఆ వచ్చినావిడతో. "వీడికి అన్నీ నేనే చెప్పాలి."

మావాడు చెమట తుడుచుకున్నాడు.

"ఏడాదిన్నరలో తాళాలు మీ చేతిలో పెడతాం," అన్నాడు మేనేజర్, అందరికీ వినబడేలా.

"రెండేళ్ల కిందట కూడా ఇదే ఏడాదిన్నర చెప్పారటగా?" అంది అమ్మాయి.

"అది మార్కెట్ వల్ల మేడమ్. ఇప్పుడంతా సర్దుకుంది."

ఆమె పక్కకి తిరిగింది. "ఏవండీ."

అతను గుమ్మం వైపు చూశాడు, ఎవరైనా వచ్చారేమోనని.

"మిమ్మల్నే. ఉన్నదంతా ఊడ్చి పెట్టాల్సింది మనం. వానలు ముంచుకొస్తున్నాయి. మీరు చెప్పండి, వీళ్ల మాట నమ్మి ఆగుదామా?"

మేనేజర్ కళ్లతోనే బతిమాలాడు, తర్వాత కళ్లతోనే బెదిరించాడు. ఆమె మాత్రం అతని మొహంలోకే చూస్తోంది. కళ్లద్దాలు అమ్మే మనిషి చూపు కదా, దాన్నుంచి తప్పించుకోవడం కష్టం.

"వద్దు," అన్నాడు అతను.

"అంటే?"

"ఆగొద్దు. కాంట్రాక్టరు మెషీన్లు పట్టుకుపోయి నెల దాటింది. ఇంజినీర్లని మాన్పించేశారు. ఈ ప్రాజెక్టు ఇప్పట్లో లేవదు. మన కప్పు మనం బాగుచేయించుకుందాం."

"ఈయన కొంచెం జాగ్రత్త మనిషి లెండి," అన్నాడు మేనేజర్ నవ్వడానికి ప్రయత్నిస్తూ.

"ఈయన మీ ఉద్యోగే కదా?" అంది ఆ వచ్చినావిడ. "బయట బోర్డు మీద ఫొటో ఉంది." ఆమె ఫైలు మూసింది. వాళ్లిద్దరూ తెప్పించిన కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయారు.

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు," అన్నాడు మేనేజర్. కాస్త ఆలోచించి, "ఇవాళ కూడా ఉండక్కర్లేదు," అన్నాడు.

రోడ్డు దాటుతుండగా ఆమె అడిగింది: "నెల్లాళ్లుగా తెలుసన్నమాట."

"తెలుసు."

"నేను రోజూ వచ్చి అడిగాను."

"అందుకే చెప్పలేదు. చెప్పేస్తే మీరు మళ్లీ ఎందుకొస్తారు?"

తనేదో ముచ్చటైన మాట అన్నాననుకున్నాడు పాపం. ఆమె ఆగిపోయింది.

"మీకు కాలక్షేపం. నాకు బతుకుతెరువు. నెల్లాళ్ల ముందు చెప్పి ఉంటే ఈపాటికి కప్పు పని అయిపోయేది."

అతను నోరు తెరిచేలోపు షట్టర్ దిగింది. తల్లి ఇంకా బయటే ఉందని గుర్తొచ్చి మళ్లీ లేచింది, మళ్లీ దిగింది.

పొద్దున్న షట్టర్ ఎత్తేసరికి మెట్ల ముందు ఇసుక, సిమెంటు, నలుగురు మేస్త్రీలు, వాళ్ల మధ్య అతను.

"ఆగిపోయిన సైట్లలో పనిచేసినవాళ్లే," అన్నాడు క్షమాపణ లాంటి గొంతుతో. "పని లేక కూర్చున్నారు. అలాగని కూలి తగ్గించమని మీరడగొద్దు. వానకి ముందు అయిపోతుంది. నా కూలి మాత్రం నెల్లాళ్ల బాకీ కింద జమ కట్టుకోండి."

"మీకు తాపీ పని వచ్చా?"

"రాదు. తట్ట మొయ్యడం నేర్చుకుంటాను."

ఆమె పక్కకి జరిగి మెట్లు చూపించింది. మధ్యాహ్నం ఐదు టీలు పైకి వెళ్లాయి. ఐదోదాంట్లో పంచదార ఎక్కువ పడింది.

మూడోనాడు పక్కింటాయన మేడ మీంచి తొంగిచూశాడు. "మా కప్పు కూడా ఒకసారి చూస్తారేంటి?" అన్నాడు. తర్వాత ఎదురింటివాళ్లు పిలిచారు. చిరిగిన కర్టెనావిడ ఏకంగా గోడ కొట్టించి కిటికీ పెట్టించమంది. అతనికి సిమెంటు ఎక్కడ చవకో తెలుసు, ఏ మేస్త్రీ చెయ్యి మంచిదో తెలుసు. నెల తిరిగేసరికి వీధిలో తలుపు తలుపుకీ అతనితో పని పడింది.

లిఫ్టు పోయిన దుఃఖంలో తల్లి మాత్రం అతనితో మాట్లాడ్డం మానేసింది. ఎదురుపడితే మోకాలు పట్టుకుని గట్టిగా మూలిగేది.

మొదటి వాన సాయంత్రం పూట పడింది. పడడమంటే మామూలుగా కాదు, కుండపోత. అతను తడుస్తూ పరిగెత్తుకొచ్చాడు. పై ఇంట్లో ముగ్గురూ మెడలు ఎత్తి కప్పు కేసి చూస్తూ నిలబడ్డారు. వాన పెద్దదైంది. కప్పు పొడిగా ఉంది. ఆమె కిందికెళ్లి మెషీను చూసి, గోడ తడిమి, పైకి వచ్చింది.

"చుక్క లేదు," అంది.

"ఇంకాసేపు చూద్దాం," అన్నాడు అతను తల దించకుండా.

"కప్పు సంగతి తేలిపోయింది. ఇటు చూడండి."

చూశాడు. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. కళ్లద్దాల మీద కూడా చుక్కలే. ఆమె వాటిని తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టింది. పెట్టడానికి అవసరమైన దానికన్నా ఎక్కువసేపే పట్టింది.

"ఆ రోజు మన కప్పు అన్నాను," అన్నాడు అతను. "అది వేషం కోసం అనలేదు."

"నేనూ వేషం కోసం పిలవలేదు."

"నేనిక్కడే ఉన్నాను," అంది తల్లి. "ఫ్లాటు లేదు, లిఫ్టు లేదు, నెలజీతం లేదు. ఇతన్ని చేసుకుంటే నా మోకాళ్లకి ఒరిగేదేమిటే?"

"షాపు వెనక పాత ఫ్రేముల గది ఉంది కదండీ," అన్నాడు అతను. "గాలి వచ్చేలా కిటికీ పెట్టి, పక్కనే బాత్రూమ్ కట్టేస్తాను. మీకింక మెట్లనేవే ఉండవు."

ఆవిడ మూలగడం ఆపి లెక్క వేసుకుంది. "మరి ఈ పై ఇల్లంతా?"

ఇద్దరూ మళ్లీ కప్పు కేసి చూడసాగారు.

"అలాగా!" అంది ఆవిడ. "సరే, రేపే కట్టడం మొదలుపెట్టు. అది అయిన రోజే నేను కిందికి దిగుతాను. నువ్వు మాత్రం పెళ్లయ్యాకే పైకెక్కు."