మసి పూసిన హెల్మెట్

"మీ అమ్మ హెల్మెట్ బొమ్మల షాపులో కొన్నారా?" అన్నాడు రెమీ.

లంచ్ టైమ్. ఎలోడీ నోటి నిండా శాండ్‌విచ్ ఉంది. అది మింగి నోరు ఖాళీ చేసుకునేలోపు రెమీ ఇంకో నాలుగు మాటలు అనేశాడు. పక్క ఊళ్లో ఫైర్‌మన్‌గా ఉన్న వాళ్ల బాబాయి హెల్మెట్ బొగ్గులా నల్లగా ఉంటుందట. నిజంగా మంటల్లోకి దూరేవాళ్ల హెల్మెట్లు అలాగే ఉంటాయట. తళతళలాడే హెల్మెట్లవాళ్లు బయట నిలబడి పైపు పట్టుకుంటారట, అంతే.

"మా అమ్మ కూడా లోపలికి వెళ్తుంది," అంది ఎలోడీ.

"మరి మసేదీ?"

బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో ఇద్దరు ముగ్గురు కిసుక్కున నవ్వారు. ఎలోడీ మొహం మాడిపోయింది.

నోవా స్కోషియా సముద్రతీరంలోని ఆ చిన్న ఊరికి జీతం తీసుకునే ఫైర్‌మెన్ లేరు. ఇల్లంటుకుంటే ఊరివాళ్లే పరుగెత్తాలి. ఎలోడీ వాళ్లమ్మ నికోల్ స్కూల్ బస్సు నడుపుతుంది. మంటల కబురు తెచ్చే నడుము మీది పేజర్ కీచుమందంటే, బస్సులో పిల్లలు ఉంటే తప్ప, ఎక్కడి పని అక్కడే వదిలేసి ఫైరింజన్ ఉండే ఫైర్ హాల్‌కు వెళ్లిపోతుంది. రెమీ రోజూ ఎక్కేది ఆ బస్సే. బస్సులో మాత్రం ఈ మాట అనడు. అంతమాత్రం తెలివి ఉంది వాడికి.

ఇంట్లో చూస్తే అమ్మది ఒక మాట, తాతయ్యది ఒక మాట.

తాతయ్య అంటే అర్మాన్, అమ్మకు నాన్న. ఆయనా ఒకప్పుడు ఈ ఊరి ఫైర్‌మనే. ఆయన హెల్మెట్ ముందు గదిలో టీవీ పక్కన అరలో ఉంటుంది. దాని అసలు రంగేమిటో దేవుడికే తెలియాలి. ఎవరైనా ఇంటికొస్తే తాతయ్య దాన్ని చేతిలోకి తీసుకుని, ఏ మసి ఏ ఇంటిదో వేలితో చూపించి మరీ చెబుతాడు. మసి అంటే తమకు మెడల్‌తో సమానం అంటాడు.

అమ్మేమో మంటలార్పి వచ్చిన ప్రతిసారీ హెల్మెట్‌ను సబ్బునీళ్లతో రుద్ది రుద్ది కడుగుతుంది. కిందటేడు దాకా ఆమె కోటూ బూట్లూ కారు డిక్కీలోనే పడి ఉండేవి. తర్వాత ఊరి ఫైర్‌మెన్‌కు పెద్ద అయిన చీఫ్ గాస్టన్ అందరినీ కూర్చోబెట్టి ఏదో చెప్పాడు. అప్పటినుంచి ఆ సామానంతా ఫైర్ హాల్లోనే ఉంటోంది. అది సరే అనుకుంటే, ఇంటికొచ్చిన అమ్మ ఎలోడీని కూడా దగ్గరికి రానివ్వడం లేదు. చేతులు చాచి ఎదురొచ్చిన పిల్లను తప్పించుకుని నేరుగా బాత్‌రూమ్‌లోకి వెళ్లిపోతుంది. ఎలోడీకి అది చాలా కష్టంగా ఉండేది.

ఎందుకని అడిగితే మసి మంచిది కాదు అనేది. మంచిది కాకపోతే తాతయ్య హెల్మెట్ టీవీ పక్కన ఎందుకుంది అని ఒకసారి ఎలోడీ అడిగింది. అమ్మ తాతయ్య వైపు చూసి, ఏదో అనబోయి మింగేసింది. తర్వాత ప్లేట్లు తియ్యమంది. జవాబు చెప్పడం ఇష్టం లేనప్పుడే పెద్దవాళ్లకు పిల్లలకు చెప్పాల్సిన పనులు గుర్తొస్తాయి.

ఇంతకీ మసి గొప్పదా, చెడ్డదా? ఎలోడీకి ఏమీ పాలుపోలేదు. నాన్న ఉంటే ఆయన్నైనా అడిగేది. ఆయన లాబ్‌స్టర్లనే పెద్ద సముద్రపు రొయ్యల వేటకు పడవ మీద వెళ్లాడు.

ఒక్కటి మాత్రం ఆమెకు తెలుసు. అమ్మ భయపడే మనిషి కాదు. చలికాలంలో రేవు దగ్గర ఇల్లంటుకున్నప్పుడు పొగలోకి దూరి వెళ్లింది. అది అందరూ చూశారు. అయినా రెమీ లాంటివాడు నవ్వుతున్నాడంటే తప్పంతా ఆ మెరిసే హెల్మెట్‌దే.

ఆదివారం ఫైర్ హాల్లో ఊరందరికీ టిఫిన్. పాన్‌కేకులు, సాసేజీలు, ఉడికించిన బీన్స్. ఒక బల్ల మీద హెల్మెట్లన్నీ వరసగా పెడతారు. చిన్నపిల్లలు వాటిని నెత్తిన పెట్టుకుని ఫోటోలు దిగుతారు. అంటే అమ్మ హెల్మెట్‌ను ఊరంతా చూస్తుంది.

శనివారం మధ్యాహ్నం తాతయ్య కునుకు తీస్తున్నాడు. ఎలోడీ చెంచా ఒకటి తీసుకుని, ఆయన హెల్మెట్ అంచు కింద పేరుకున్న మసిని ఒక ఖాళీ చాక్లెట్ డబ్బాలోకి గీకింది. రెండు చుక్కల నూనె వేసి కలిపింది. చిక్కటి నల్లరంగు తయారైంది. చేతులు స్వెట్టర్‌కే తుడుచుకుంది.

సాయంత్రం కుర్చీలు సర్దడానికి అమ్మతో పాటు ఫైర్ హాల్‌కు వెళ్లింది. అమ్మ వంటగదిలో ఉన్నంతసేపూ ఎలోడీ హెల్మెట్ల దగ్గరే ఉంది. చాక్లెట్ డబ్బా తీసి, అమ్మ హెల్మెట్‌కు పైన, అంచుల మీద, లోపల పట్టీల మీద కూడా ఆ నల్లరంగు పూసింది. మసి పూసి మారేడుకాయ చెయ్యడం అంటారు పెద్దవాళ్లు. ఎలోడీ చేసింది అచ్చంగా ఆ పనే. కాకపోతే ఆమె మనసులో మోసం లేదు. అమ్మ గొప్పతనం నలుగురికీ కనిపించాలన్న ఆశ ఒక్కటే ఉంది.

ఆ రాత్రి ఆ స్వెట్టర్‌తోనే హాయిగా నిద్రపోయింది.

ఆదివారం హాలంతా కిటకిటలాడింది. అమ్మ పొయ్యి దగ్గర పాన్‌కేకులు వేస్తోంది. హెల్మెట్లను ముందుగా చూసింది తాతయ్యే. నికోల్ పేరున్న నల్లటి హెల్మెట్ ముందు ఆగి, పక్కనున్నాయన భుజం తట్టి చూపించాడు. "ఇదీ హెల్మెట్ అంటే," అన్నాడు.

ఎలోడీకి ఏనుగెక్కినంత సంబరమైంది. రెమీ ఎక్కడున్నాడా అని వెతికింది. వాడు దూరంగా తింటున్నాడు. వాడి చెల్లెలు మార్గో మాత్రం బల్ల దగ్గరే ఉంది. మూడేళ్ల పిల్ల. నికోల్ హెల్మెట్‌ను నెత్తిన పెట్టుకుంది. అది ముక్కు దాకా దిగిపోయింది. దాన్ని రెండు చేతులతో పైకి తోసి, తీపి అంటిన వేళ్లను చప్పున నోట్లో పెట్టుకుంది. నుదురు, బుగ్గలు, వేళ్లు అన్నీ నల్లగా ఉన్నాయి. చూసినవాళ్లు నవ్వారు. ఎలోడీ కూడా నవ్వింది.

అమ్మ నవ్వలేదు. చేతిలో గరిటె వదిలేసి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. మార్గో నెత్తి మీది హెల్మెట్ తీసి, పిల్లను చంకనెత్తుకుని సింకు దగ్గరికి పరుగెత్తింది. నోరు కడిగింది, చేతులు కడిగింది, మొహం కడిగింది, మళ్లీ కడిగింది. మార్గో గుక్కపట్టి ఏడుస్తోంది. అమ్మ మొహంలో అంత భయం ఎలోడీ ఎప్పుడూ చూడలేదు.

చీఫ్ గాస్టన్ గ్లవ్స్ తొడుక్కుని హెల్మెట్‌ను ఎత్తి చూశాడు. ఆయన గొంతు పెంచలేదు. కానీ హాలు హాలంతా నిశ్శబ్దమైపోయింది కాబట్టి అందరికీ వినిపించింది.

"కడగకుండానే పిల్లల ముందు పెట్టావా, నికోల్?"

అమ్మ అయోమయంగా చూసింది. తాను కడిగానంది. కడిగితే ఇదేమిటి అన్నాడు గాస్టన్. తనకు చాలా బాధగా ఉందని, అయినా రూల్ అందరికీ ఒకటేనని, ఈ సంగతి తేలేదాకా ఆమె ఫైరింజన్ ఎక్కకూడదని ఆయన చెప్పాడు.

ఒకటి తలిస్తే ఇంకొకటి అయింది. అమ్మను అందరూ పొగడాలని పూసిన మసి అమ్మను ఫైరింజన్ నుంచి దింపేస్తోంది. అసలు మసికి ఇంత భయమెందుకో ఆమెకు అర్థం కాలేదు. నోరు మూసుకుని కూర్చుంటే ఎవరికీ తెలియదు. కానీ అమ్మ తలవంచుకుని నిలబడి ఉంది.

"అమ్మ కడిగింది," అంది ఎలోడీ. ఆ మాట ఎవరికీ వినిపించలేదు. అందుకని మళ్లీ చెప్పింది. "అమ్మ కడిగింది. మసి నేనే పూశాను."

ఎందుకు పూశావని అడిగాడు గాస్టన్.

"మా అమ్మ లోపలికి వెళ్తుందని అందరికీ తెలియాలని."

రెమీ తన బూట్ల వైపు చూసుకున్నాడు. ఎలోడీ వాడి పేరు చెప్పలేదు. సంగతి తేలింది కాబట్టి నికోల్ మళ్లీ ఫైరింజన్ ఎక్కవచ్చన్నాడు గాస్టన్.

అమ్మ ఆమె చేతులు చూసింది. గోళ్ల కింద ఇంకా నల్లగానే ఉంది. బాత్‌రూమ్‌లోకి తీసుకెళ్లి బ్రష్‌తో రుద్దసాగింది. తిడుతుందేమోనని ఎలోడీ కాసేపు చూసింది. తిట్టలేదు. అప్పుడు మెల్లగా అడిగింది.

"మసి అంటే కాలిన కట్టెలే కదమ్మా?"

"ఇంట్లో కట్టెలొక్కటే ఉంటాయా? సోఫా కాలుతుంది. కార్పెట్, టీవీ, గోడల రంగు, ప్లాస్టిక్ సామాన్లు అన్నీ కాలతాయి. వాటిలోంచి వచ్చిన విషమంతా ఆ మసిలోనే ఉంటుంది. అంటుకుంటే చర్మంలోంచి లోపలికి పోతుంది."

"మరి మార్గో?"

"వెంటనే కడిగేశాం. ఒక్కసారికి ఏమీ కాదులే. రోజూ కొంచెం కొంచెంగా అంటడమే ప్రమాదం. అందుకే దాన్ని ఇంటికి రానివ్వను."

"నన్ను దగ్గరికి రానివ్వనిది కూడా అందుకేనా?"

అమ్మ చేతిలో బ్రష్ ఆగిపోయింది. "మరెందుకనుకున్నావే పిచ్చిపిల్లా?"

ఎలోడీ చాలా చాలా అనుకుంది. కానీ ఇంకో అనుమానం అడ్డొచ్చింది.

"అయితే తాతయ్య చెడ్డపని చేశాడా?"

"ఆయనకు తెలియదు. అప్పట్లో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. మంటల్లోంచి వచ్చి ఆ కోటుతోనే నన్ను భుజాల మీదికి ఎత్తుకునేవాడు. అదంటే నాకు ప్రాణం. ఇప్పుడెళ్లి, అలా చెయ్యకూడదు నాన్నా అని ఏ నోటితో చెప్పను?"

తలుపు దగ్గర ఎవరో కదిలారు. చూస్తే తాతయ్య. చేతిలో కాఫీ కప్పు ఉంది. కూతురి కోసం తెచ్చినట్టున్నాడు. దాన్ని సింకు పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చేసరికి టీవీ పక్కన అర ఖాళీగా ఉంది. తాతయ్య హెల్మెట్‌ను సంచిలో మూటకట్టి పెరట్లో షెడ్డులో పెట్టేశాడు. అమ్మ, ఎలోడీ కలిసి అర తుడిచారు. ఎలోడీ స్వెట్టర్‌నూ దుప్పట్లనూ వేరేగా ఉతికారు. తాతయ్య మాత్రం తన గదిలోంచి బయటికి రాలేదు.

ఆయనకు తన మీద కోపమా అని ఎలోడీ అడిగింది. కాదంది అమ్మ. మరి ఎవరి మీద అంటే, తనకూ తెలియదంది. ఆ తర్వాత కూడా తాతయ్య సరిగ్గా మాట్లాడలేదు. భోజనాల దగ్గర ఖాళీ అర వైపు చూసి, చూపు తిప్పుకునేవాడు. ఎలోడీకి ఏడుపొచ్చేది. మంచిపని ఏదో తెలిసిన తర్వాత కూడా మనసు ఇలా ఎందుకుంటుందో ఆమెకు అర్థమయ్యేది కాదు.

మరో వారం గడిచింది. బడి పిల్లలందరినీ దింపి అమ్మ ఇంటికొచ్చిన కాసేపటికే పేజర్ కీచుమంది. రేవు దగ్గర వలలూ రంగు డబ్బాలూ దాచే గోదాము అంటుకుంది. ఇంటి మెట్ల మీది నుంచే నల్లటి పొగ కనిపించింది. తాతయ్య గదిలోంచి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. ఎలోడీ పక్కనే కూర్చుంది. లోపల పైకప్పు కూలిందని పక్కింటాయన వచ్చి చెప్పాడు. తాతయ్య ఎలోడీ చెయ్యి పట్టుకున్నాడు.

చీకటి పడబోతుండగా అమ్మ కారు వచ్చి ఆగింది. అమ్మ దిగింది. కోటూ బూట్లూ హాల్లోనే వదిలేసి వచ్చింది. కానీ మెడ మీద, చెవుల వెనక నల్లటి చారలున్నాయి. జుట్టంతా పొగ వాసన. నడక తడబడుతోంది.

తాతయ్య లేచి రెండు చేతులూ చాచి ఎదురెళ్లాడు. ఎలోడీ కాళ్లు కూడా అప్పటికే ఒక మెట్టు దిగాయి. అక్కడ ఆగిపోయింది. మరుక్షణం వెళ్లి తాతయ్యకు అడ్డంగా నిలబడింది.

"తాతయ్యా, ఆగు. ముందు అమ్మ స్నానం చెయ్యాలి."

తాతయ్య ఆమెను చూశాడు. అమ్మ కూడా ఉన్నచోటే ఆగింది. ఇప్పుడు తిట్లు తప్పవనుకుంది ఎలోడీ. అయినా పక్కకు తప్పుకోలేదు.

"నన్నెవరూ ఇలా ఆపలేదే," అన్నాడు తాతయ్య చివరికి.

"అప్పుడు నేను లేను కదా," అంది ఎలోడీ.

తాతయ్య నవ్వబోయాడు. నవ్వు సరిగ్గా రాలేదు. కళ్లు తుడుచుకుని చేతులు దించేశాడు. కూతురికి దారి ఇచ్చి, తనే తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఎలోడీ ముందుగా లోపలికి పరుగెత్తి, బాత్‌రూమ్‌లో ఉతికిన బట్టలూ తువ్వాలూ పెట్టింది. విడిచిన బట్టలు వెయ్యడానికి వేరే సంచి కూడా పెట్టింది.

నీళ్ల చప్పుడు ఆగింది. అమ్మ తడిజుట్టుతో, సబ్బు వాసనతో బయటికొచ్చి చేతులు చాచింది. సాయంత్రం నుంచి ఆ క్షణం కోసమే చూస్తోంది ఎలోడీ. అమ్మకు రెండడుగుల దూరంలోనే ఉంది. వెనక్కి తిరిగి చూస్తే గోడవారగా తాతయ్య, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడి ఉన్నాడు.

ఎలోడీ పక్కకు జరిగింది.

"ముందు నువ్వెళ్లు తాతయ్యా," అంది.