ఏడో బ్యారన్ గోడ

ఒంగోలు రోడ్డు నుంచి మా ఊరికి వచ్చే డొంకలో, మిరప చేలు అయిపోయి పత్తి చేలు మొదలయ్యే చోట, ఒక పాడుబడ్డ పొగాకు బ్యారన్ ఉంది. పైకప్పు లేదు. నాలుగు ఇటుక గోడలు, గుమ్మం పైన సున్నంతో రాసిన ఏడు అంకె మిగిలాయి. పొద్దుగూకాక అటు ఎవరూ నడవరు. చలమయ్య తిరుగుతాడంటారు.

పచ్చాకును కర్రలకు కట్టి అందులో వేలాడదీసేవాళ్ళు. కింద గొట్టాల్లోకి పొయ్యి వేడి పంపి, ఐదారు రోజులు రాత్రింబవళ్ళు ఆరబెట్టేవాళ్ళు. వేడి మితిమీరి ఆకు రాలి గొట్టం మీద పడిందా... ఇక అంటుకున్నట్టే. నలభై అయిదేళ్ళ కిందట అలాగే అంటుకుంది. కర్రలు బయటికి లాగుదామని లోపలికి దూకిన కూలీ చలమయ్య తిరిగి రాలేదు.

అప్పటినుంచీ చీకటి పడితే ఒక వెలుగు వస్తుంది — బ్యారన్ చుట్టూ తిరుగుతుంది — గోడ దగ్గర ఆగుతుంది. చూసినవాళ్ళు చాలామందే ఉన్నారు. పోయిన ఏడాది నుంచి ఇంకా ఎక్కువసేపు ఆగుతోందట.

నేను దెయ్యాల్ని నమ్మను. అయినా ఈ ఊరి బళ్ళో ముప్ఫయ్యేళ్ళు పాఠాలు చెప్పిన పాపానికి, అల్లరి పిల్లల్ని చలమయ్య పేరు చెప్పే కూర్చోబెట్టాను. అలా బెదిరి కూర్చున్నవాళ్ళలో జెస్సీ కూడా ఉంది. ఇప్పుడు ఒంగోల్లో ల్యాబ్‌లో పనిచేస్తోంది. మొన్న మా ఇంటికి వచ్చి, ఇచ్చిన టీ ముట్టకుండా, నాకిది చెప్పింది.

వాళ్ళ తాత జక్రయ్య పోయి ఏడాది అయింది. చర్చిలో గంట కొట్టేవాడు. జీవితమంతా ఆయన చేసిన పని అదేననుకుంది పిల్ల. ఆయనకొక వింత అలవాటు ఉండేది — రాత్రి రెండు మూడు సార్లు లేచి, ఇంటి గోడకు అరచెయ్యి ఆనించి, కాసేపు నిలబడి, మళ్ళీ పడుకునేవాడు. ఎందుకు తాతా అంటే నవ్వేసేవాడు.

మొన్నటి తుఫాను ముసురులో అమ్మా నాన్నా పొన్నూరు పెళ్ళికి వెళ్తే, నాయనమ్మ ఆదెమ్మకు తోడుగా జెస్సీ వచ్చింది. చూరు కారుతోందని తాత ట్రంకుపెట్టె పక్కకు లాగింది. తడిసిందేమోనని మూత తీసింది. అడుగున ఫోటోలు...

ఒకదాంట్లో ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఆకును కర్రలకు కడుతున్నారు. అందులో నాయనమ్మ, పాతికేళ్ళ పడుచు. ఇంకోదాంట్లో బక్కపల్చని మనిషి, ఖాకీ నిక్కరు, చేతిలో టార్చిలైటు... రెండో అరచెయ్యి గోడకు ఆనించి ఉంది. ఇంట్లో నిలబడ్డట్టే. గుమ్మం పైన ఏడు అంకె.

బ్యారన్‌లో వేడి కాచిన మనిషి తాత. అంటే... చలమయ్య పోయిన రాత్రి?

ఫోటో అంచున మరొకటి కనపడింది. అదే గోడ మీద, కాస్త కిందగా — ఇంకో చెయ్యి. మట్టిగాజులు. మనిషి ఫోటోలో పడలేదు. చెయ్యి ఒక్కటే ఉంది.

"నాయనమ్మా... ఆ రాత్రి కాపలా తాతేనా?"

ఆదెమ్మ ఫోటో అందుకుని మంచం మీద బోర్లించింది. "ఆయనే. నిద్రపోయానని నలుగురిలో ఒప్పుకున్నాడు. ఇంకేం అడగమాక."

ఊళ్ళో పాతవాళ్ళకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. పిల్లల ముందు ఎవరూ నోరు విప్పలేదు. జెస్సీకి అన్నం సహించలేదు. తనను భుజాన వేసుకు తిరిగిన తాత ఒక మనిషి చావుకు కారణమా... ఆ దిగులుతోనే ముడుచుకు పడుకుంది.

ఏడున్నరకి కరెంటు పోయింది. నాయనమ్మను పిలిచింది. పలకలేదు. తడిమి చూస్తే — మంచం ఖాళీ. మూలనుండే టార్చిలైటు కూడా లేదు.

డెబ్బై ఏళ్ళ షుగరు మనిషి, ఈ వానలో ఎటు పోయినట్టు? జెస్సీ గొడుగూ సెల్లూ తీసుకుని బయటికి పరుగెత్తింది. డొంకలో నల్లరేగడి చెప్పుల్ని పట్టేసింది. వాటిని అక్కడే వదిలేసి నడిచింది.

బ్యారన్ దగ్గర — వెలుగు.

మెల్లగా గోడ చుట్టూ తిరుగుతోంది. ఆగింది... ఇక కదలడం లేదు.

"మీరు చెప్పిన చలమయ్యే గుర్తొచ్చాడు మాష్టారూ" అంది నాతో. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అయినా నాయనమ్మ కోసం ఇంకో నాలుగడుగులు వేసింది. సెల్లు లైటు ఎత్తింది. గోడ మీద ఒక చెయ్యి... ముడతలు పడింది. గాజులు లేవు. కానీ ఫోటోలో ఉన్న చోటే ఉంది.

ఆదెమ్మ ఉలిక్కిపడలేదు. చెయ్యి తియ్యలేదు.

"ఆ రాత్రి కాపలా నాది" అంది గుసగుసగా. "మీ తాత మూడు రాత్రులు కాచి తూలిపోతున్నాడు. నువ్వు పడుకో, నేను చూస్తా అన్నా. గోడ మీద చెయ్యి పెట్టి వేడి చూడటం నాకూ నేర్పాడు. కూర్చున్నదాన్ని... కూర్చున్నట్టే కన్ను మూశా."

"మరి తాత..."

"నా పేరు బయటికి రానీలా. అప్పట్నుంచి రోజూ చీకటి పడగానే వచ్చి చూసి, 'చల్లగానే ఉందే' అని చెప్పేవాడు. అది వింటేగాని నాకు నిద్రపట్టేది కాదు. ఇప్పుడు చెప్పేవాళ్ళెవరు? మీ నాన్నతో ప్రార్థనకని చెప్పి నేనే వస్తన్నా. ఈ షుగరుకి చేతులు మొద్దుబారాయి తల్లీ... ఎంతసేపు నిలబడ్డా వేడో చల్లనో తెలియటంలా."

అదీ మా ఊరి దెయ్యం. ఇన్నేళ్ళూ జక్రయ్య, పోయిన ఏడాది నుంచి ఆదెమ్మ. వింటుంటే నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

"నువ్వు చూడమ్మా" అంది ఆదెమ్మ. "చల్లగుందా?"

జెస్సీ గొడుగు కింద పెట్టి, ఫోటోలో తాత చెయ్యి ఉన్న చోట తన అరచెయ్యి ఆనించింది. కాసేపు అలాగే ఉంది.

"చల్లగా ఉంది నాయనమ్మా. పద."

ఆదెమ్మ మొహం తేటపడింది. మనవరాలి భుజం పట్టుకుని ఇంటికి నడిచింది. తెల్లారేదాకా కదలకుండా నిద్రపోయింది.

"హాస్టల్ ఖాళీ చేసి వచ్చేస్తున్నానండి" అంది జెస్సీ. "సాయంత్రం బస్సు దిగి, గోడ చూసే ఇంటికెళ్తా."

"రోజూ ఆ బురదలో ఎందుకమ్మా? చల్లగా ఉందని ఇంట్లోనే చెప్పొచ్చుగా."

"నేను చెప్పింది అబద్ధం మాష్టారూ. ఆ గోడ... వెచ్చగా ఉంది."

"ఇటుక గోడ కదా. పగలు ఎండకు కాగితే రాత్రిదాకా..."

"అప్పటికి మూడు రోజులుగా ముసురేగా" అంది జెస్సీ, ఒళ్ళో పెట్టుకున్న అరచెయ్యి చూసుకుంటూ.