ఒక్క అతుకు

శుక్రవారం సాయంత్రం పల్లవి చేతిలో ఉన్నవి అడుగంటిన ఫెవికాల్ డబ్బా, జూలు లేని గుర్రం బొమ్మ గీసిన అట్ట. తెల్లారితే ఆదోనిలో బొమ్మల పోటీ.

ఎమ్మిగనూరులోని వాళ్ల ఇంట్లో చీర నేయడం అయిపోయింది. చీర కోసి తీశాక మగ్గానికి పాత పడుగు కొసలు వేలాడుతున్నాయి, నీలం రంగు నిలువు పోగులవి. ఎలాగూ పారేసేవే అనుకుని పల్లవి గుప్పెడు లాగేసి గుర్రం మెడకు అంటించింది. జూలు బాగా కుదిరింది.

అవ్వ రుద్రమ్మ చూసింది. తిట్టలేదు. మగ్గం ముందు కూలబడింది.

కొత్త పడుగులో ఒక్కో పోగును ఒక్కో పాత కొసకు మెలిపెట్టి అతకాలి. కొస లేకపోతే ఆ పోగును మగ్గం సన్నటి కంతల్లోంచి చేత్తో దూర్చుకోవాలి. పోయినవి నాలుగు వందలు. నాయన ఈరేష్ ఇటునుంచి లాగితే, అటునుంచి ఒకరు అందించాలి. అమ్మ పత్తి తీసేదానికి పెద్దకడుబూరు పోయింది. సోమవారానికి మగ్గం ఆడకపోతే చీర నేయమన్న షావుకారు ఆ పని వేరేవాళ్లకు ఇచ్చేస్తాడు.

"నేను పోటీకి పోవాల. నేను ఆర్టిస్టును. ఇది ఉత్త కూలిపని" అంది పల్లవి.

"పో అమ్మీ. బస్సు తొమ్మిదికి" అంది అవ్వ.

పొద్దున పల్లవి తయారై వచ్చేసరికి అవ్వ వేళ్లకు బూడిద రాసుకుని మిగిలిన కొసలు అతుకుతోంది. రెండు పోగులు కలిశాయి, ఒక్క మెలిక, అంతే. పల్లవి వేలితో తడిమింది. ఏమీ తగల్లేదు.

"అతుకు యాడుందవ్వా?"

"కనపడితే నా పని చెడినట్టే."

బస్సు హారన్ వినిపించింది. పల్లవి అట్టను గోడకు ఆనించి, మగ్గం వెనక్కి పోయి కూర్చుంది. పొద్దు వాలేదాకా నాలుగు వందల పోగులు అందించింది.

సోమవారం బడిలో ఉమారాణి టీచర్ పోటీకి ఎందుకు రాలేదని అడిగారు. పల్లవి జరిగిందంతా చెప్పి, మా ఇంట్లో ఆర్టిస్టు మా అవ్వ అంది.

పక్క బెంచీ ఉదయ్ నవ్వాడు. "మీ అవ్వ ఏం బొమ్మ గీస్తాదిమే?"

పల్లవి తన సంచి అంచు నుంచి దారం పీకి రెండు ముక్కలు చేసింది. వేళ్లకు సుద్దపొడి రాసుకుంది. మెలిపెట్టింది. ఊడిపోయింది. మళ్లీ ఊడిపోయింది. క్లాసంతా బెంచీ చుట్టూ మూగింది. ఉదయ్ కూడా అడిగి రెండు ముక్కలు తీసుకున్నాడు.

గంట కొట్టేసరికి లెక్క ఇదీ: పోటీ పోయింది. శనివారం సెలవు పోయింది. పల్లవికి వచ్చింది ఒక్క అతుకు. అదీ వేలికి తగులుతూనే ఉంది.