చుక్క పొడవకముందు

"ఇవాళ సాయంత్రం ఒక ముసలాడు చావకూడదు. అంతే నీ పని," అన్నాడు చీఫ్ వాల్టర్స్.

ఏజెంట్ తిరుపతయ్య ఫోటో అందుకున్నాడు. పావెల్, ఎనభై మూడేళ్ళు. రష్యా విప్లవం తర్వాత అంతర్యుద్ధంలో ఎర్ర సైన్యం తరఫున పోరాడాడు. తర్వాత సొంతవాళ్ళే చంపబోతే అమెరికా పారిపోయొచ్చాడు. రేపు, 1982 జనవరి ఏడున, ఇక్కడున్న ఆరుగురు సోవియట్ గూఢచారుల పేర్లు బయటపెడతాడు.

"ఎక్కడన్నా దాచెయ్యొచ్చుగా సార్?"

"వినడు. న్యూజెర్సీలో తెల్ల సైన్యం ముసలాళ్ళ క్లబ్ ఉంది, అప్పట్లో ఎర్రవాళ్ళతో పోరాడి ఓడిపోయినవాళ్ళు. అరవై ఏళ్ళ పగ. వాళ్ళ కర్నల్ గ్లెబోవ్ రాజీకని ఇవాళ పండగ విందుకి పిలిచాడు. వాళ్ళది పాత క్యాలెండర్, రేపే క్రిస్మస్. అక్కడ పావెల్ చస్తే నేరం కర్నల్ మీదికే పోతుంది. మాస్కోకి ఇంకేం కావాలి? లోపల మన ఇన్ఫార్మర్ ఇరీనా ఉంటుంది, ఆ ముసలాళ్ళ మధ్యే పెరిగిన పిల్ల."

ప్రమోషన్ అడిగితే తిరుపతయ్య ఫైలు దొరకదు. చావుండే చోటికైతే మాత్రం మొదట అతని పేరే గుర్తొస్తుంది.

సాయంత్రం నాలుగింటికి క్లబ్ వెనక వ్యాన్ ఆపాడు. బాయిలర్ మెకానిక్ వేషం. చెవిలో వినికిడి మిషన్ లాంటి రేడియో.

ఫర్ కోటులో ఓ అందగత్తె అద్దం తట్టింది.

"బాయిలర్ చల్లబడిందా?"

"ముప్పై ఏళ్ళయింది."

కోడ్ కలిసింది. ఇరీనా ఎక్కి కూర్చుంది. అతని డోనట్ అడక్కుండానే తీసి తినేసింది. "కర్నల్ కోటులో పిస్టల్ ఉంది. అతన్నే చూస్తుండు," అని దిగిపోయింది.

తిరుపతయ్య పనిముట్ల పెట్టెతో లోపలికెళ్ళేసరికి ముసలాళ్ళంతా కిటికీ దగ్గర నిలబడి ఆకాశంలోకి చూస్తున్నారు. బల్ల మీద గిన్నెలన్నిటికీ మూతలే.

"ఎంతసేపయ్యా?" విసుక్కున్నాడు పావెల్.

"మొదటి చుక్క పొడవాలి. అందాకా ఉపవాసం," అన్నాడు కర్నల్. "పంతొమ్మిది వందల పంతొమ్మిదిలో మా కోళ్ళన్నీ మింగావు, ఇంకా తీరలేదా ఆకలి?"

"అవి మీవా? జమీందారువి!"

తిరుపతయ్య కళ్ళు కర్నల్ కోటు మీదే ఉన్నాయి. ఇంతలో ఇరీనా చిన్న గిన్నెతో వచ్చింది. గోధుమలు, తేనె, గసగసాలతో చేసిన పండగ పాయసం.

"పాపం, ఈయనకి ఉపవాసం లేదుగా," అని పావెల్ చేతికిచ్చింది.

తిరుపతయ్యకి వాళ్ళమ్మ గుర్తొచ్చింది. కార్తీక సోమవారం చుక్క చూడకుండా గిన్నె మూత తియ్యనిచ్చేది కాదు, చుట్టం ఆకలన్నా సరే. ఈ ముసలాళ్ళ మధ్య పెరిగిన పిల్ల ఎలా తీసింది?

చెంచా పావెల్ నోటి దాకా వెళ్ళింది. తిరుపతయ్య ఒక్క దూకులో ఆ చెయ్యి పట్టేశాడు.

"ముందు నువ్వు తినమ్మా."

"పొద్దున్నుంచి నేను మంచినీళ్ళు కూడా ముట్టలేదు," అంది ఇరీనా, కర్నల్ వైపు చూస్తూ.

"నాలుగింటికి నా వ్యాన్‌లో డోనట్ మింగావే!"

కర్నల్ మొహం మాడిపోయింది. ఇరీనా హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ లాగి పావెల్‌కి గురిపెట్టింది. తిరుపతయ్య ముసలాణ్ణి కింద పడేసేలోపే గాల్లో కర్నల్ చేతికర్ర, పావెల్ విసిరిన గిన్నె కనిపించాయి. పిస్టల్ పేలింది. తూటా సీలింగ్‌లో దిగింది. ఇరీనా దెబ్బ తగిలిన చెయ్యి పట్టుకుని కూలబడింది.

చెవిలో చీఫ్ అరిచాడు. "ముసలాడు బతికున్నాడా?"

"బతికాడు సార్. విషం నేలపాలు, ఇరీనాకి బేడీలు."

"గుడ్. మరి ముసలాళ్ళిద్దరికీ రాజీ కుదిరినట్టేనా?"

తిరుపతయ్య వెనక్కి తిరిగి చూశాడు.

"ఎక్కడ సార్! ఆమెని ముందు కొట్టింది ఎవరని కాలర్లు పట్టుకున్నారు."