బావగారి జవాబు

ఒక ఈమెయిల్ మనిషిని చంపుతుందని ఎవరైనా అంటే పిల్లి పకపకా నవ్వేవాడు. సొంత బావ ప్రాణం అలాగే పోయాక ఆ నవ్వు ఆగిపోయింది.

పిల్లి అంటే మనిషే. అడుగుల చప్పుడు వినిపించని సీక్రెట్ ఏజెంట్ కాబట్టి డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరది. అక్క మొగుడు, బావదీ అదే డిపార్ట్‌మెంట్. "వెంటనే పాత గోదాముకి రా" అని చీఫ్ పేరుతో మెయిల్ వస్తే వెళ్లాడు. అక్కడ చీఫ్ లేడు, తుపాకులున్నాయి. ఏడాదైనా పిల్లికి కంటినిండా నిద్రలేదు. ఇన్‌బాక్స్ తెరిస్తే చాలు, వెనక నిలబడి బావ కూడా చదువుతున్నట్టే ఉండేది.

"ఈ సాయంత్రం మీ అక్కకి అలాంటి మెయిలే పంపుతున్నారు," అన్నాడు చీఫ్, ఉపోద్ఘాతం లేకుండా.

అక్క శత్రువుల ఊళ్లో మారుపేరుతో పనిచేస్తోంది.

"ఫోన్ చెయ్యండి సార్!"

"చేస్తే దొరికిపోతుంది. సర్వర్ ఆపేద్దామా అంటే, మెయిల్స్ ఆగితే ఇల్లొదిలి పారిపొమ్మని మనమే నేర్పాం. వీధి చివర వాళ్ల మనుషులు కాపుకాసి ఉన్నారు. ఆ ఒక్క దొంగ మెయిలే ఆగాలి. మన స్పామ్ ఫిల్టర్ దాన్నెందుకు వదిలేస్తోందో కనిపెట్టు. సర్వర్ రూమ్‌లో ముత్యాల మేడమ్ ఉంటుంది. మీ బావని చంపిన గ్యాంగ్‌లో చేరినట్టు నటిస్తూ మనకి కబుర్లు మోసే డబుల్ ఏజెంట్."

నూనె మరకల చొక్కా, అతికించిన మీసం, నొక్కితే బ్లేడు బయటికొచ్చే స్పానర్. ఏసీ మెకానిక్ తయారయ్యాడు.

సర్వర్ రూమ్‌కి కిటికీల్లేవు. ఎముకలు కొరికే చలి, ఫ్యాన్ల హోరు. ఆ వైర్ల మధ్య నల్ల గౌను, మెడలో మూడు పేటల ముత్యాలతో ఒకావిడ ఏదో పార్టీకి బయల్దేరి దారితప్పినట్టుంది.

"ఏసీలోంచి నీళ్లు కారుతున్నాయా మేడమ్?"

"నీళ్లు కాదు, చలికాలం కారుతోంది."

కోడ్ కలిసింది. ఆవిడ స్క్రీన్ చూపించింది.

"మెయిల్ రాగానే ఫిల్టర్ బయటున్న బోలెడు సర్వర్లని ఒకేసారి అడుగుతుంది, ఈ పంపినవాడు ఎలాంటివాడని. అలాగని చేతులు కట్టుకుని కూర్చోదు. ఆ వాకబులన్నీ, మా భాషలో లుకప్‌లు, బ్యాక్‌గ్రౌండ్‌లో నడుస్తుంటే తను మెయిల్ చదువుకుంటుంది. జవాబులు వచ్చినవి వచ్చినట్టు రాసుకుంటుంది."

"కొందరి జవాబు రాకపోతే?"

"ఎంతసేపని చూస్తాం? ఎక్కువమంది చెప్పేసిన కొద్దీ మిగతావాళ్లకిచ్చే గడువు తగ్గిపోతుంది. గడువు దాటితే వదిలెయ్యడమే. చెడ్డవాడని ఎవరూ అనలేదుగా, కాబట్టి మంచివాడే."

పిల్లికి ఒళ్లు మండింది. నోరు తెరవని సాక్షిని దొంగ పక్షాన జమకట్టెయ్యడం తమ డిపార్ట్‌మెంట్‌కే చెల్లింది. బావకి మెయిల్ వచ్చిన రోజు లాగ్ తెరిచాడు. బోలెడు "మంచివాడు"ల కింద చివరి వరుస ఇలా ఉంది:

బావమరిది: చెడ్డవాడు. ఆలస్యం. వదిలేశాం.

ఆ సర్వర్ పేరు పిల్లికి బాగా తెలుసు. గ్యాంగ్ వాడే అడ్రసులన్నీ పోగేసి బావ ఇంటి వెనకగదిలో పెట్టుకున్న మెషీన్ అది. ఆటపట్టించడానికి దానికి పిల్లి వరసే పేరుగా పెట్టాడు. బావ పోయాక ఆ గది తలుపు తీసినవాళ్లు లేరు, మెషీన్ ఆపినవాళ్లూ లేరు. నిన్నటి మెయిల్స్ కింద చూశాడు. ఇవాళ్టివాటి కింద చూశాడు. అన్నిటి కిందా బావమరిది. ఆ ఇంటి నత్తనడక నెట్ లైను మీద చచ్చిపోయిన మనిషి ఏడాదిగా అడిగినప్పుడల్లా జవాబు చెబుతూనే ఉన్నాడు. ఆ రోజు ఆయన బూట్లు తొడుక్కుంటుంటే ఆయన మెషీనే వద్దని మొత్తుకుంది. పిల్లికి ఏడుపు ముంచుకొచ్చింది.

కానీ కళ్లు తుడుచుకున్నాక ఇంకొకటి కనిపించింది. ఆ సర్వర్లలో ఓ పదిమంది ప్రతిసారీ ప్రశ్న వినీ వినకముందే "మంచివాడు" అంటున్నారు. గడువుని కరగదీస్తున్నది వాళ్లే. ఇంత తొందరగా పలకాలంటే బయట ఉండరు, ఈ గదిలోనే ఉండాలి. మూల ఒక బూడిదరంగు పెట్టె, దాని నుంచి ఒకే ఒక్క కేబుల్. ఆ పదిమందీ అందులోవాళ్లే.

"వీళ్లని ఎవరు చేర్చారు మేడమ్?"

"నేనే." ఆవిడ చేతిలోని లిప్‌స్టిక్‌కి సన్నటి గొట్టం మొలిచింది. "నటించీ నటించీ అటువైపే అలవాటైపోయింది. కదలకు. మీ అక్కకి పంపే మెయిల్ బయల్దేరింది."

పిల్లి నేలమీదికి దూకాడు. బుల్లెట్ ఏసీకి తగిలింది. స్పానర్ బ్లేడు కేబుల్‌ని తెగ్గోసింది. ఒక్క గుండు లిప్‌స్టిక్ ఖాళీ కాగానే ఆవిడ చెయ్యి వెనక్కి విరిచి పట్టుకున్నాడు.

స్క్రీన్ మీద మెయిల్ వాలింది. ఫిల్టర్ అందరినీ అడిగింది. ఆ పదిమందీ నోరెత్తలేదు. గడువు ఒక్కసారిగా కరగలేదు గానీ, అయిపోతూ ఉంది. ఒక్కో సర్వరూ తీరిగ్గా తెలీదు, తెలీదు అంటోంది.

"రాదు," అంది మేడమ్. "చచ్చినవాడి కోసం ఎదురుచూస్తున్నావు."

"రా బావా. ఒక్కసారి," అన్నాడు పిల్లి, పైకే.

చివరి సెకను. బావమరిది: చెడ్డవాడు.

మెయిల్ ఆగిపోయింది. పిల్లి ఆవిడ చెయ్యి వదిలేసి, స్క్రీన్ మీదికి వంగి ఆ వరుస మళ్లీ చదివాడు. ఆ సందులో పరిగెత్తిన మేడమ్‌ని చీఫ్ మనుషులు మెట్ల దగ్గర పట్టుకున్నారు.

అక్క క్షేమంగా ఇల్లు చేరాక చీఫ్ వచ్చాడు. వెనకగదిలో మెషీన్ గుర్రుమంటోంది. "ఫాస్ట్ లైన్ వేయిస్తానమ్మా," అన్నాడు.

"వద్దు సార్. ఆయన బతికున్నన్నాళ్లూ భోజనానికి నేను ఆగేదాన్ని. ఇప్పుడు మీరంతా ఆగండి," అంది అక్క, లోపల ఎవరో పనిలో ఉన్నట్టు తలుపు మెల్లగా దగ్గరికేస్తూ.

అప్పట్నుంచీ డిపార్ట్‌మెంట్‌లో ప్రతి మెయిలూ కాస్త ఆలస్యమే. కొత్తగా చేరినవాళ్లు విసుక్కుంటే చీఫ్ తల కూడా ఎత్తడు. "ఉండవోయ్, బావగారు ఇంకా చూళ్లేదు," అంటాడు.